చలి ఉదయమున రాజుకొనని ఇంజను

వాక్యభాగములు: లేవీయకాండము 6:12-13, అపొస్తలుల కార్యములు 28:1-3



హట్టిలో చలి అనగానే కొందరు నవ్వుదురు. రాయచూరు జిల్లా ఎండకు పేరు పొందినది గాని చలికి కాదు. అయినను డిసెంబరు, జనవరి మాసములలో తెల్లవారుజామున ఇక్కడి నల్లరేగడి మీదుగా వచ్చు గాలికి మొదటి షిఫ్టునకు వెళ్లువారు చెవులకు మఫ్లరు చుట్టుకొనియే బయలుదేరుదురు. గని లోపల ఎంత లోతునకు దిగిన అంత ఉక్క. పైకి వచ్చిన పిదప ఒంటిమీది చెమట చల్లబడి వణుకు పుట్టును. గనిలో పనిచేసిన కుటుంబములకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

గత జనవరిలో ఒక ఉదయము మా సంఘములో జరిగినదానిని మీతో పంచుకొనవలెనని ఈ మాటలు వ్రాయుచున్నాము. అది మాకు మెప్పు తెచ్చు సంగతి కాదు. దానిలో సంబంధము గల సహోదరుని అడిగి, ఆయన సరేనన్న తరువాతనే కలము పట్టితిమి. పేరు మాత్రము వ్రాయము.

మా సంఘమునకు ఒక పాత చిన్న డీజిల్ కారు కలదు. రాయచూరు ఆసుపత్రి పనికైనను, చుట్టుప్రక్కల పల్లెలలో కూడికలకైనను, పెండ్లికైనను, సమాధి కార్యక్రమమునకైనను అదే దిక్కు. ఆ దినము ఉదయము నాలుగున్నరకు ఫోను మ్రోగినది. "అయ్యగారూ, మామకు ఊపిరి ఆడతలేదు, జల్ది కారు పంపియ్యండి" అని ఒక కోడలు ఏడ్చుచున్నది. వెంటనే వెళ్లి తాళము త్రిప్పితిమి. ఇంజను గరగరమన్నది గాని రాజుకొనలేదు. మరల త్రిప్పితిమి. పదిసార్లు, పదిహేనుసార్లు సెల్ఫ్ కొట్టితిమి. చివరకు టక్కుమను శబ్దము తప్ప మరేమియు వినబడలేదు. బ్యాటరీ అయిపోయినది. అందరము ప్రార్థించితిమి, అందరము కారును తోసితిమి కూడ. అది కదలలేదు.

ఇంతలో ఆ ఇంటి ప్రక్కనున్న కన్నడ కుటుంబమువారు, మన సంఘమువారు కారు, తమ జీపులో ఆయనను పండుకోబెట్టి లింగసుగూరు ఆసుపత్రికి తీసికొని వెళ్లిరి. మేము మొదటి బస్సు ఎక్కి చేరునప్పటికి ఆయన ముక్కునకు ఆక్సిజన్ గొట్టము పెట్టియుండిరి. మమ్మును చూచి, గొట్టము కొంచెము ప్రక్కకు జరిపి, ఆయన అన్న మాట ఇది: "మొన్న చిట్టీ పంపిస్తిరి గద అయ్యా. మల్ల ఎందుకొస్తిరి?"

ఆ చిట్టీ సంగతి చెప్పవలెను. అంతకు ముందటి జూన్ మాసములో ఆయన భార్య ప్రభువునందు నిద్రించినది. సమాధి దినమున సంఘమంతయు వచ్చినది. రెండు వారములు ఒక్కొక్క ఇంటినుండి అన్నము వెళ్లినది. తరువాత ఎవరి పనులు వారివి. ఆయన ఆరాధనకు రావడము మానివేసిరి. నెలలు గడిచినవి. మేమేమి చేసితిమి? ఉత్తరము వ్రాసితిమి. జవాబు రాలేదు గనుక రెండవది వ్రాసితిమి. మూడవదానిలో, తగిన కారణము చూపని యెడల తమ పేరు సభ్యత్వ పట్టికనుండి తొలగించు విషయమును వార్షిక సర్వసభ్య కూటము ముందు ఉంచెదమని వ్రాసితిమి. నియమావళి ప్రకారము ఆ ఉత్తరములో ఒక్క అక్షరము తప్పు లేదు. మా హట్టిలో పూర్వకాలపు గనివారు గట్టి రాతిని ఎట్లు పగులగొట్టెడివారో పెద్దలు చెప్పుదురు: బండకు కట్టెలు పేర్చి కాల్చి, కాగియున్నప్పుడే దానిపై చన్నీళ్లు పోసెడివారట. దుఃఖముతో కాగియున్న మనుష్యుని మీద మేము పోసినది ఆ నీళ్లే.

మరుసటి దినము మెకానిక్కు వచ్చి కారు చూచెను. మేము బ్యాటరీని నిందించితిమి. అతడు తల అడ్డముగా ఊపి, "బ్యాటరీది తప్పు లేదు అయ్యగారూ. నాలుగు హీటర్ ప్లగ్గులల్ల మూడు ఎప్పుడో కాలిపోయినయి. ఎండకాలం బండి స్టార్ట్ అయితుండె గనుక మీకు తెలువలే. లోపల వేడి లేకుంటే మీరు ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీయే పోతది" అనెను. మేము ఆ మాట విని చాల సేపు అక్కడే నిలిచియుంటిమి.

కారు నడుపని సహోదరీలకొరకు కొంచెము వివరించెదము. పెట్రోలు బండిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు ఉండును. ఆ రవ్వతో మంట అంటుకొనును. డీజిలు బండిలో ఆ రవ్వ లేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున నడిపి చూపిన ఇంజనులోని విశేషము ఇదే: గాలిని గట్టిగా నొక్కినయెడల ఆ నొక్కుడుకే గాలి మండునంత వేడెక్కును, అప్పుడు నూనెను చిమ్మిన దానంతట అదే రాజుకొనును. మా కారు వంటి పాత చిన్న బండ్లలో గాలిని ఇరవై రెట్లకు పైగా నొక్కుదురు. అయితే రాత్రియంతయు చలిలో నిలిచిన ఇంజనులో చుట్టునున్న ఇనుము ఆ వేడిని త్రాగివేయును. అందుకే ప్రతి సిలిండరునకు ఒక హీటర్ ప్లగ్గు పెట్టిరి. తాళమును సగము త్రిప్పగానే స్ప్రింగు బొమ్మ గల పసుపు దీపము వెలుగును. ఆ దీపము ఆరువరకు ఆగవలెను. కొన్ని క్షణములే. అప్పుడు సెల్ఫ్ కొట్టవలెను. ప్లగ్గు ఇంజనును త్రిప్పదు, బండిని లాగదు, శబ్దము చేయదు. ముందుగా వేడి చేయుటయే దాని పని. అది కాలిపోయినను ఎండకాలమంతయు ఎవరికిని తెలియదు.

ప్రియులారా, మన వలస సంఘముల సంగతి ఆలోచించుడి. మన తండ్రులు పాలమూరు, గద్వాల ప్రాంతములనుండి, ఇంకను దూరమునుండి పనికొరకు వచ్చి, భాష వేరైన చోట తెలుగు బైబిలు, తెలుగు కీర్తన పట్టుకొని నిలిచిరి. ఆ దినములలో దేవాలయపు కట్టడము లేదు, మైకు లేదు. లైన్లలో సాయంకాలము ఒకరి ఇంటి ముందు చాప పరచి లాంతరు పెట్టి కూడుకొనెడివారు. ఎవరి ఇంట జ్వరమో, ఎవరి ఇంట అప్పో, ఎవరి కుమారుడు ఇంటికి రాలేదో ఆ చాపమీదనే తెలిసెడిది. ఇప్పుడు కట్టడము కలదు, కమిటీ కలదు, సంవత్సరమునకొకసారి మూడు రాత్రుల ఉజ్జీవ కూటములు కలవు. చాప ఎప్పుడు చుట్టివేసితిమో మాలో ఎవరికిని సరిగా జ్ఞాపకము లేదు. పెండ్లిండ్లు, పండుగలు, కానుకలు బాగుగానే జరుగుచున్నవి గనుక లోటు కనబడలేదు.

లేవీయకాండములో బలిపీఠముమీది అగ్ని ఆరిపోకూడదని ప్రభువు ఆజ్ఞాపించెను. ఆ అగ్ని మనుష్యులు పుట్టించినది కాదు. తొమ్మిదవ అధ్యాయము చివరి వచనము చదివినయెడల అది యెహోవా సన్నిధినుండి వచ్చినదని తెలియును. అయినను ప్రతి ఉదయము దానిమీద కట్టెలు పెట్టవలసినది యాజకుడు. పరలోకమునుండి అగ్నిని పంపిన దేవుడు కట్టెలను మాత్రము పంపలేదు. పండుగ దినమున ఒకేసారి బండెడు కట్టెలు వేసి, మిగిలిన దినములు ఊరుకొనుమనియు చెప్పలేదు. మనము అగ్నికొరకు ప్రార్థించుచు కట్టెల సంగతి విడిచితిమేమో!

చలి దేశములవారికి ఈ పాఠము మనకంటె బాగుగా తెలియును. డీజిలులో మైనము వంటి పదార్థము ఉండును. గడ్డకట్టు చలిలో అది పేరుకొని ఫిల్టరును మూసివేయును. లడఖ్‌లో ఈ కష్టము ఎంతటిదనగా, సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పారునట్టి ప్రత్యేకమైన డీజిలును అక్కడివారికొరకు 2019 నవంబరులో విడుదల చేసిరి. కెనడాలో విన్నిపెగ్, ఎడ్మంటన్ వంటి పట్టణములలో కార్ల ముందు భాగమున కరెంటు ప్లగ్గు వ్రేలాడుచుండును. రాత్రి ఇంటి గోడనున్న సాకెట్టునకు దానిని తగిలించి, ఇంజనులోని నీటిని వెచ్చగా ఉంచుదురు. ఆ హీటరును అమెరికాలోని నార్త్ డకోటాలో ఒకాయన తయారుచేసి 1949లో పేటెంటు పొందెను. మన పిల్లలలో అటువంటి దేశములకు వెళ్లినవారు మొదటి చలికాలమున నేర్చుకొను సంగతులలో ఇదొకటి: పొద్దున బండి కదలవలెనంటే రాత్రియే తగిలించవలెను.

అక్కడివారు మరియొక హెచ్చరిక కూడ చెప్పుదురు. వెచ్చదనము కొరకు తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజనును నడుపకూడదు. వాసన లేని విషవాయువు నిండి లోపలివారు నిద్రలోనే చనిపోవుదురు. మనవారము మనము, మన భాష, మన లైను అని తలుపులు మూసికొను సంఘములు ఈ మాటను గమనించవలెను. మా పిల్లలు బడిలో కన్నడము చదువుచున్నారు. వారి స్నేహితుడు ఒకడు ఆదివారము వచ్చి వెనుక నిలుచుంటే కూర్చోమని చెప్పువాడు లేకపోయిన దినములు కలవు.

ఇంకొక పద్ధతియు ఉన్నది. బండి రాజుకొననప్పుడు నూనెగుడ్డ వెలిగించి, ఇంజను గాలి పీల్చు గొట్టము దగ్గర పట్టుదురు. భళ్లున స్టార్టగును, చూచువారు చప్పట్లు కొట్టుదురు. అయితే ప్లగ్గులు అట్లే కాలిపోయి ఉండును. రేపు ఉదయము మరల గుడ్డ కావలెను. పై ఊరినుండి గొప్ప ప్రసంగీకులను పిలిపించుటను మేము తప్పు పట్టుటలేదు. వారివలన మేలు పొందితిమి. గాని మూడు రాత్రుల మంట తరువాత నాలుగవ రాత్రి ఎవరి ఇంటికి ఎవరు వెళ్లిరని మాలో మేము ప్రశ్నించుకొనగా జవాబు దొరకలేదు.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్ర మనమెరుగనిది కాదు. నెల్లూరు మిషను ఫలింపలేదని, మూసివేయుదమా అని 1853లో అమెరికాలో చర్చ జరిగినది. మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు ప్రార్థించిరి: జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అదియు జనవరి ఉదయమే. క్రింద పట్టణములో వారికి సంఘము లేదు, వారిని ఎరిగినవారును అరుదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు, ఆ కొండమీది ఉదయమునకు ఇరువది నాలుగు సంవత్సరములు దాటినవి. ఆ 2,222 అను సంఖ్యను మన బడిపిల్లలు కూడ చెప్పగలరు. ఆ ఐదుగురి పేర్లు చెప్పుమంటే మా యౌవనస్థుల కూడికలో ఒక్కరే చెప్పిరి, అదియు మూడే.

ఇక ఆ కన్నడ పొరుగువారి సంగతి. అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములలో ఓడ పగిలి 276 మంది ఒడ్డునకు చేరిరి. వాన, చలి. ఆ ద్వీపవాసుల భాష వేరు, దేవతలు వేరు. అయినను వారే నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. అపొస్తలుడైన పౌలు అక్కడ ప్రసంగము మొదలుపెట్టినట్టు లూకా వ్రాయలేదు. పుల్లలు ఏరి తెచ్చి నిప్పులమీద వేసెనని వ్రాసెను. చేతికి పాము పట్టుకొన్నదియు ఆ పని చేయుచున్నప్పుడే. మేము మూడు ఉత్తరములు పంపిన నెలలన్నిటిలో ఆ పొరుగింటి తల్లి రాత్రి రాత్రి ఆ సహోదరునికి వేడి జొన్నరొట్టె, పుండి పల్య పంపుచుండెనని ఆసుపత్రి వరండాలో మాకు తెలిసినది. ఆమెకు కృతజ్ఞత చెప్పబోతే, "బిడ్రీ, అవరు నమ్మ మనెయవరే" అని కన్నడములో కొట్టివేసినది. వారు మా ఇంటివారే అని ఆమె భావము. సభ్యత్వ పట్టిక ఆమె యొద్ద లేదు.

ఆయన పది దినములకు ఇంటికి వచ్చిరి. కారునకు నాలుగు హీటర్ ప్లగ్గులును క్రొత్తవి వేయించితిమి. ఖర్చు మేము భయపడినంత కాలేదు. ఎన్ని సంవత్సరములు వాయిదా వేసితిమో తలచుకొని సిగ్గుపడితిమి. మూడవ ఉత్తరమును వెనుకకు తీసికొనుచున్నామని చెప్పుటకు పెద్దలలో ముగ్గురు ఆయన ఇంటికి వెళ్లిరి. కాగితము ఇచ్చుటకు కాదు, కూర్చుండుటకు వెళ్లిరి. మొదటి సాయంకాలము ఆయన టీ ఇచ్చిరి గాని మాటలాడలేదు. రెండవ వారము భార్య పాడు కీర్తన ఒకదాని సంగతి చెప్పి ఆగిపోయిరి. ఆదివారము ఆయన ఇప్పటికిని ప్రతి వారము రారు. వచ్చినప్పుడు తలుపు దగ్గర చివరి బల్లమీద కూర్చుండి, ఆశీర్వాదమునకు ముందే లేచి వెళ్లుదురు. దానిని గూర్చి ఆయనను ఎవరును అడుగవద్దని నిర్ణయించుకొంటిమి.

పౌలు తన చివరి పత్రికలో తిమోతిని చలికాలమునకు ముందే రమ్మని వేడుకొనెను, విడిచివచ్చిన అంగీని కూడ తెమ్మనెను. ఈ సంవత్సరము మేమును చలికి ముందే మొదలుపెట్టితిమి. గురువారము సాయంకాలము ఏడు గంటలకు గృహకూడిక ఆయన ఇంటి ముందరనే జరుగుచున్నది. చోటు ఇచ్చెదనని ఆయనే చెప్పిరి. పొరుగింటి పిల్లలు కూడ వచ్చి కూర్చుండుచున్నారు గనుక ఒక వాక్యము తెలుగులోను కన్నడములోను చదువుచున్నాము. చాపలు చాలుటలేదు. హట్టిలోనున్నవారు వచ్చునప్పుడు మీ ఇంటి చాప ఒకటి చంకన పెట్టుకొని రండి.