వృద్ధుల గృహవాసము – సంతానధర్మము

తల్లిని, తండ్రిని దైవముగా భావింపవలెనని తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. దైవమును సేవించువాడు తన ఇష్టముకంటె దైవేచ్ఛను ముందు తలంచును. వృద్ధులైన తలిదండ్రుల విషయమున మాత్రము ఈ క్రమము తారుమారగుచున్నది. వారి మేలు కోరియే వారి మాట వినకుండుట తరచుగా కానవచ్చును.

భూపాలపల్లి జిల్లా గణపురం మండలమందలి చెల్పూరునే గైకొందము. చేరువలో కాకతీయుల నాటి కోటగుళ్ళు, గణపసముద్రము కలవు. ఊరికి ఆనుకొని 2010లో 500, 2016లో మరి 600 మెగావాట్ల సామర్థ్యముతో పనిచేయ నారంభించిన కాకతీయ తాపవిద్యుత్కేంద్రమున్నది. ఇట్టి ఊళ్ళకు ఉద్యోగములకై వచ్చువారు కొందరు. ఇచ్చటినుండి హైదరాబాదునకో, విదేశములకో వెడలువారు మరికొందరు. వెడలినవారి ఇండ్లలో ముదుసలి దంపతులు మిగులుదురు.

రాత్రివేళ తల్లి జారిపడినచో లేవనెత్తువారెవరని కుమారుని భయము. పట్నపు మేడపై పలుకరించు దిక్కులేక, ఇరుగుపొరుగు లేక, పరాయివలె బ్రతుకవలసి వచ్చునేమో యని తల్లి భయము. రెండును నిజములే. అయితే ఎవరి భయము నిర్ణయము చేయవలెను?

ఈ ధర్మసందేహమునకు మహాభారతమందలి ఆశ్రమవాసపర్వము దారి చూపుచున్నది. యుద్ధానంతరము పదునైదేండ్లు ధర్మరాజు ఆదరణలో నున్న ధృతరాష్ట్రుడు వనవాసమునకు అనుమతి కోరెను. ధర్మజుని మనస్సు ఒప్పలేదు. వ్యాసభగవానుడు వచ్చి, వృద్ధుని కోరిక మన్నింపుమని చెప్పిన పిదపనే అతడు సమ్మతించెను. గాంధారితో కూడ కుంతియు వెడలెను. కుమారులు ఎంత వేడినను ఆమె మరలలేదు. సమ్మతితో తన బాధ్యత తీరినదని ధర్మజుడు తలపలేదు. సోదరులతో అడవికేగి, వారి యోగక్షేమములు కన్నులార చూచెను. తుదకు వారు మువ్వురును దావాగ్నికి ఆహుతియైరని నారదునివలన విని విలపించెను. అది వృద్ధరాజు హోమము చేసిన అగ్నియేయని నారదుడు ఊరడించెను. అనుమతించిన పుత్రునికి దుఃఖము తప్పలేదు. కాని అతడు ధర్మము తప్పినవాడు కాలేదు.

కావున బుద్ధి నిలుకడగా నున్నంతకాలము నిర్ణయము పెద్దలదే. సంతానము చేయవలసినది ముందుగా అడుగుట, పిదప ఆ నిర్ణయమునకు తగినట్లు ఇంటిని సిద్ధపరచుట. స్నానాలగదిలో జారని నేల, పట్టుకొనుటకు కమ్మి, రాత్రి వెలుగు దీపము, పొరుగింట మరొక తాళపుచెవి, మందుల వేళలు వ్రాసిన కాగితము, వృద్ధుల సహాయమునకై ఏర్పడిన 14567 సంఖ్య – ఇవి స్వల్పములే యైనను సేవయే. ఎవరి ఇంట ఎన్ని నెలలని అన్నదమ్ములు వంతులు వేసికొనుటకు ముందు, ఆ కూర్పులో తలిదండ్రులకు చోటుండవలెను.

పెద్దలకును ఒక ధర్మము కలదు. పిల్లల భయమును పెత్తనమని కొట్టివేయక, పడిన సంగతి దాచక చెప్పవలెను. పొయ్యి ఆర్పుట మరచి, ఇంటిదారి తెలియని స్థితి వచ్చినప్పుడు సంతానము ముందుకు రాక తప్పదు. అప్పుడును పూజ ఎచ్చట, భోజనమేమి, మంచము ఏ కిటికీ చెంత అను చిన్న నిర్ణయములు వారికే విడువవలెను.

2007 నాటి కేంద్రచట్టము తలిదండ్రుల పోషణను సంతానమునకు విధియొనర్చినది. చట్టము అన్నము పెట్టింపగలదు, "అమ్మా, నీకేమి ఇష్టము?" అని అడిగింపజాలదు. ఆ ప్రశ్న వినయముతో అడుగబడిన ఇంట, పెద్దలు ఏ ఊర నున్నను, మాతాపితృసేవ సఫలమగును.