తల్లిని చూపించమని అడగండి

ఈ వారం మన ముందున్న ప్రశ్న పైకి చిన్నదిగానే కనబడుతుంది. పదో తరగతి పాసైన అబ్బాయికో, ప్రథమ దివ్యసత్ప్రసాదం అందుకున్న అమ్మాయికో ఒక కుక్కపిల్లను కొని బహుమతిగా ఇవ్వవచ్చునా? "అందులో తప్పేముంది?" అని మీరు అడగవచ్చు. కుక్కను పెంచుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పిల్ల మన చేతికి ఏ దారిన వచ్చిందన్నది వేరే ప్రశ్న. దాన్ని అడిగే ఇళ్లు మన విచారణలలో చాలా తక్కువ.

తెల్లాపూర్‌నే తీసుకోండి. నిన్నమొన్నటి వరకు పొలాలు, చెరువులు ఉన్న ఊరు. 2018లో పురపాలక సంఘమైంది. ఇప్పుడు మెడ ఎత్తి చూడవలసిన భవనాలు. పద్నాలుగో అంతస్తులో, తల్లిదండ్రులు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లిన ఇంట్లో, బడి నుంచి వచ్చిన పిల్లవాడు తాళం తీసుకుని ఒంటరిగా కూర్చుంటాడు. వాడు కుక్కపిల్ల కావాలని అడిగితే నవ్వి కొట్టిపారేయకండి. పాత ఊరిలో కుక్కను ఎవరూ కొనేవారు కారు. అది వాడకట్టు అంతటిదీ. ఒక ఇంట్లో గంజి తాగి, మరో ఇంటి అరుగు మీద పడుకునేది. అపార్ట్‌మెంటుకు వచ్చేసరికి అది కొనుక్కోవలసిన వస్తువైంది. వస్తువు అనగానే దాన్ని తయారుచేసే చోటు ఒకటి ఉండాలి గదా!

ఆ చోటును మనకు చూపించరు. మన ఫోనుకు ఫోటో వస్తుంది: మెడలో రిబ్బను, బుట్టలో కూర్చున్న బొద్దు పిల్ల. బేరం కుదిరాక "మీరు రానక్కర్లేదు సార్, రింగు రోడ్డు దిగిన చోట మేమే తెచ్చి ఇస్తాం" అంటారు. అదేదో మర్యాద అనుకుని మనం సంతోషిస్తాం. ఆ పిల్లను కన్న తల్లి మాత్రం ఏ షెడ్డులోనో, ఇనుప బోనులో, తన మలమూత్రాల మధ్యనే పడి ఉంటుంది. ఎదకు వచ్చిన ప్రతిసారీ దానికి క్రాసింగ్ చేయిస్తారు. దాదాపు 63 రోజులు మోసి కంటుంది. పాలు పూర్తిగా మానకముందే పిల్లలను తీసేస్తారు. మళ్లీ ఎద, మళ్లీ చూలు. ఒళ్లు గుల్లయి ఇక కనలేని రోజున దాన్ని ఎక్కడో వదిలేస్తారు. కుక్కలను అమ్మేవారందరూ ఇలాంటివారే అని నేననను. తమ ఇంటి మనిషిలా సాకి, ఎప్పుడో ఒక ఈత పిల్లలను మంచి ఇళ్లకు ఇచ్చేవారూ ఉన్నారు. కాని వారు తల్లిని దాచరు.

పటాన్‌చెరు, పాశమైలారం కార్ఖానాలలో పనిచేసే మన పాఠకులకు ఒక సంగతి బాగా తెలుసు. యంత్రానికి కూడా షట్‌డౌన్ ఉంటుంది. నూనె పోయడానికి, అరిగిన భాగం మార్చడానికి దాన్ని ఆపుతారు. కుక్కపిల్లల కార్ఖానాలో ఆ తల్లికి ఆపాటి విరామం కూడా లేదు. విశ్రాంతి దినాన ఎద్దును, గాడిదను కూడా పని నుంచి విడవమని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తున్నది. ఆ ఆజ్ఞ విన్నవాళ్లం మనం.

మన దేశ చట్టమూ ఈ విషయంలో మౌనంగా లేదు. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. 18 నెలలు నిండని, 8 ఏళ్లు దాటిన ఆడకుక్కకు క్రాసింగ్ చేయించరాదు. వరుసగా రెండు ఎదలలో కాన్పు చేయించరాదు, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఈ చివరి నియమానికి గట్టి కారణముంది. ముందే తల్లిని విడిచిన పిల్లకు తోటి పిల్లలతో ఆడుతూ ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకునే అవకాశం ఉండదు. పైగా టీకాలు పడని పిల్లలను ఒకేచోట కుక్కితే పార్వో అనే వైరస్ జబ్బు వ్యాపిస్తుంది. కొన్న మూడు నాలుగు రోజులకో, వారానికో వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. బహుమతి అందుకున్న పిల్లవాడి ఒళ్లోనే అది ప్రాణం విడిచిన ఇళ్లున్నాయి.

జాతి మోజు గురించి కూడా ఒక మాట. 2003లో హచ్ ఫోను ప్రకటనలో ఒక పగ్ కనబడింది, ఆపైన ఊరూరా పగ్ కావాలన్నారు. ఆ చదును ముక్కు మనకు ముద్దు. దానికి మాత్రం ఊపిరాడని బాధ, మన ఎండాకాలంలో మరీనూ. మంచుదేశపు హస్కీని తెచ్చి మే నెల ఎండలో బాల్కనీలో కట్టేసేవారిని ఏమనాలో నాకు తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. "ఆ తల్లిని నేను హింసించలేదు, డబ్బు మాత్రమే ఇచ్చాను" అని ఒకరు అనవచ్చు. పరుల పాపంలో మనం ఎన్ని విధాలుగా భాగస్తులమవుతామో 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం వివరిస్తుంది. చేయించడం, మెచ్చుకోవడం, ఆపగలిగీ ఆపకపోవడం కూడా అందులో ఉన్నాయి. మనం ఇచ్చిన సొమ్ముతోనే ఆ బోను నడుస్తున్నప్పుడు మనకు సంబంధం లేదనడం కష్టం. అంతకన్నా కఠినమైన సందర్భం మరొకటి ఉంది. అమ్మేచోట నీరసించి, కళ్లు మూతలు పడుతున్న పిల్లను చూస్తాం. "పాపం, మనం కొనకపోతే చచ్చిపోతుంది" అని జాలితో డబ్బు కడతాం. ఆ జాలి నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కాని అమ్మేవాడికి మన జాలి కనబడదు, నోట్లే కనబడతాయి. ఖాళీ అయిన బోనులోకి ఇంకో పిల్ల వస్తుంది, దానికోసం ఆ తల్లి మరోసారి మోస్తుంది. కనుక కొనకుండా వెనుదిరిగి, పోలీసులకో జంతు సంక్షేమ సంస్థకో ఫిర్యాదు చేయడమే సరైనదని నా అభిప్రాయం. మనసు ఒప్పుకోవడం మాత్రం తేలిక కాదు.

మరో వైపు కూడా చూడాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో, కాపలాదారు పని చేసే తండ్రి వెంట వచ్చిన పసివాణ్ణి వీధి కుక్కలు కరిచి చంపాయి. 2024 జూన్‌లో మన పక్కనే ఇస్నాపూర్‌లో ఒక వలస కూలీ కుటుంబపు బాలుడు అలాగే పోయాడు. కుక్కల బాధ గేటు లోపలి పిల్లలకన్నా గేటు బయటి పిల్లలకే ఎక్కువ. మోజు తీరాక, కాపురం మారాక, ఆపరేషను చేయించని కుక్కను బొల్లారం రోడ్డు పక్కన దింపి వచ్చేవారు ఆ బాధను ఆ పేద బిడ్డల నెత్తిన వేస్తున్నారు. జంతువులను ప్రేమించవచ్చునని చెప్పే సత్యోపదేశమే, పేదల ఆదరణకు పోవలసిన ధనాన్ని వాటిపై వెచ్చించడం తగదనీ చెబుతుంది. ఒక జాతి పిల్లకు వేలకు వేలు పోసేముందు ఇది కూడా తలచుకోవాలి.

తోబీతు గ్రంథంలో తోబియా, రఫాయేలు దూత ప్రయాణమైనప్పుడు వారి వెంట ఒక కుక్క నడుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడూ నడుస్తుంది. కథలో దానికి పనేమీ లేదు, దాని జాతి ఏమిటో ఎవరూ రాయలేదు. మన సందులో పుట్టిన పిల్ల కూడా అలాగే నడవగలదు. మన ఎండకు, మన తిండికి అది అలవాటుపడినది. అమలగారు స్థాపించిన హైదరాబాదు బ్లూ క్రాస్ వంటి సంస్థలు కుక్కలను దత్తత ఇస్తున్నాయి. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ కూడా బంజారాహిల్స్‌లో నాటు పిల్లల దత్తత మేళా పెట్టింది.

ఇన్ని చెప్పినా కొనడానికే నిశ్చయించుకుంటే, వారు పెంచే చోటికే వెళ్లండి. తల్లిని చూపించమని అడగండి. దాని పొదుగు, వెంట్రుకలు, మనిషిని చూస్తే అది వణుకుతున్నదా అన్నది మీ కళ్లతో చూడండి. నమోదు పత్రం, టీకాల కార్డు చేతిలోకి తీసుకోండి. "తల్లి మా ఊళ్లో ఉంది" అంటే లేచి వచ్చేయండి. ఎలా తెచ్చుకున్నా, ఆరు వారాల నుంచి పదహారు వారాల వరకు వరుస టీకాలు, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తరువాత వైద్యుడు చెప్పిన సమయానికి పిల్లలు కలగకుండా ఆపరేషను తప్పవు. తెల్లవారుజామున ఎవరు తిప్పుతారో, వేసవిలో ఊరికి వెళితే ఎవరు చూస్తారో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే మాట్లాడుకోండి. అది పన్నెండేళ్లు బతకవచ్చు, అప్పటికి మీ అబ్బాయి చదువు ముగించి ఏ ఊరిలోనో ఉంటాడు. ఇంకొకటి: దీపావళి, క్రిస్మస్ రాత్రుల టపాసుల మోతకు కొత్త పిల్ల బెదిరిపోతుంది. తెచ్చుకునేదేదో ఆ పండుగలు దాటాక తెచ్చుకోండి.