రుచికో సాకు

మన ఇళ్లలో రెండు ఆకులకి రెండు రకాల జాతకాలు. ఒకటి తులసి. కోటకట్టి, పసుపూ కుంకుమా పెట్టి, పొద్దున్నే నీళ్లుపోసి, సాయంత్రం దీపం పెట్టి చుట్టూ తిరిగి దణ్ణం పెడతాం. సత్యభామ నగలన్నీ కలిసి తూగలేని చోట రుక్మిణి వేసిన ఒక్క దళం తూగిందని పిల్లలకి కథ చెబుతాం. వంటింటి గడప మాత్రం దాటనివ్వం. రెండోది కరివేపాకు. అది లేనిదే మనకి పూట గడవదు. పోపులో ఘుమఘుమలాడేదీ అదే, విస్తట్లో అందరికంటే ముందు పక్కకి నెట్టించుకునేదీ అదే. ఇంత చాకిరీకి మన భాషలో దానికి దక్కిన గౌరవమేమిటంటే, అవసరం తీరాక ఎవరినన్నా వదిలించుకుంటే 'కరివేపాకులా తీసిపారేశారు' అనడం!

ఈ రెండింటికీ మధ్య, ఎటూ తేలని మూడో ఆకు ఒకటి నాలుగేళ్లుగా మా బాల్కనీలో వుంటోంది. పేరు రుద్రజడ. భూతులసి అని కూడా అంటారు. ఇప్పటి పిల్లలయితే బేసిల్ అంటారు. ఆకు ఎరగకపోయినా దాని గింజల్ని ఎరగని వాళ్లుండరు. ఎండాకాలం నీళ్లలో వేస్తే కాసేపటికి చుట్టూ జిగురుపొర కట్టి, కప్పకళ్లల్లా తేలే సబ్జా గింజలు దానివే. వృక్షశాస్త్రం చదివినవాళ్లు తులసికీ దీనికీ ఇంటిపేరు ఒకటే అంటారు. తులసి ఓసిమమ్ టెన్యుఫ్లోరమ్, ఇది ఓసిమమ్ బాసిలికమ్. బాసిలికమ్ అన్నది 'రాజులకి తగినది' అనే అర్థమున్న గ్రీకు మాటనించి వచ్చింది. ఇంటిపేరు ఒకటే అయినా అక్కని దేవుడికీ చెల్లెల్ని వంటింటికీ ఇచ్చారన్నమాట.

అక్కడే వచ్చింది చిక్కు. మా పెద్దత్తయ్య - నాన్నగారి అక్క, ఎనభై దాటిన మనిషి - ఆమధ్య మా ఇంట్లో నాలుగు రోజులుంది. టొమాటో పప్పు దింపి నేను నాలుగు ఆకులు తుంచి వేస్తూ వుంటే గడపలోనే ఆగిపోయింది.

"అదేమిటే, తులసిని పప్పులో వేస్తున్నావుటే?"

"తులసి కాదత్తయ్యా, రుద్రజడ."

"ఏదైతేనేం, ఆ జాతిదేగా! వాసన తెలియటం లేదూ? కళ్లకద్దుకునేదాన్ని కుంపటి కప్పగిస్తావా?"

చాదస్తం అని కొట్టిపారెయ్యడం తేలిక. కాని ఆవిడ అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. పూజకి పెట్టుకున్నదాన్ని నోటికి పెట్టుకోవచ్చా? పవిత్రత ఆకులో వుందా, మన చూపులో వుందా?

ఆకులోనే వుందనుకుందామంటే థాయిలాండువాళ్లు అడ్డొస్తారు. మనం ప్రదక్షిణం చేసే తులసి వుందే, సరిగ్గా ఆ తులసినే వాళ్లు క్రపావ్ అంటారు. మిరపకాయలూ వెల్లుల్లీ దంచి, మాంసం వేయించి, దించేముందు గుప్పెళ్లకొద్దీ ఆ ఆకు వేసి అన్నంతో తింటారు. వాళ్లకి అది మన కొత్తిమీర లాంటిది. పోనీ పరదేశాలవాళ్లకి భక్తి లేదనుకుందామా అంటే గ్రీసుదేశం వుంది. అక్కడి చర్చిల్లో జనవరి 6న పాదిరీ ఈ రుద్రజడ రెమ్మతోనే పవిత్రజలం చిలకరిస్తాడు. సెప్టెంబరు 14న శిలువ పండగనాడు భక్తులకి ఆ రెమ్మలే పంచిపెడతారు. ఏసుక్రీస్తుని వేసిన శిలువ దొరికిన చోట ఈ మొక్క మొలిచి వుందని వాళ్ల కథ. అందుకని పాతకాలపు ఇళ్లలో కుండీలో పెంచి వాసన చూసుకోవడమే గాని, వంటలో వెయ్యడానికి అంతగా చెయ్యి రాదుట. అంటే అక్కడ చెల్లెలు దేవుడి మనిషి, థాయిలాండులో అక్క వంటమనిషి! గీత గీసింది ఆకు కాదు, మనమే.

గీసుకుంటే గీసుకున్నాం. ప్రతి ఇంటికీ ఇది ముట్టుకోకూడదు అనేదొకటి వుండడం మంచిదే. ఈమాట నవ్వులాటకి అనడం లేదు. అన్నీ ధర కట్టి, ఉపయోగమెంతో లెక్కచూసే రోజుల్లో, ఏ లెక్కకీ రాకుండా వాకిట్లో నిలబడే మొక్క ఒకటుంటే మనసుకి బావుంటుంది. నేను తులసిని పప్పులో వెయ్యను, ఎన్నడూ వెయ్యబోను.

కాని తులసిని మనం నిజంగా వండటం లేదా? దగ్గొస్తే ఏం చేస్తాం? గుప్పెడాకులు కోసి, మిరియాలూ అల్లమూ వేసి కుతకుతలాడించి కషాయం కాస్తాం. అది వంట కాదా? పొయ్యీ అదే, గిన్నే అదే, నోరూ అదే. మా పెద్దత్తయ్యా కాస్తుంది, మీరూ కాస్తారు. దానికి దోషం లేదు. ఎందుకంటే అది మందు. అదే నీళ్లలో అవే ఆకులు 'బావుంటుంది' అని వేసుకుంటే మాత్రం అపచారం. అంటే తప్పు తినడంలో లేదు. ఇష్టంగా తినడంలో వుంది!

ఇది తోచిన దగ్గర్నించీ నాకు మన బతుకుల్లో ఎన్నో సంగతులు వేరేగా కనిపించడం మొదలుపెట్టాయి. మీరే చూడండి. మధ్యాహ్నం కాసేపు పడుకుంటే 'తలనొప్పిగా వుంది' అంటాం. నిద్రొస్తోంది అనం. దానిమ్మపండు మనకోసం వొలుచుకుంటే 'డాక్టరు రక్తం తక్కువుందన్నాడు' అంటాం. చీర కొంటే 'ఆ పెళ్లికి బావుండదని' కొంటాం. సాయంత్రం నాలుగడుగులు బయటికి వెళ్లాలంటే గుళ్లో దేవుడికి పనిపడాలి, లేదా షుగరన్నా రావాలి. మొగవాళ్లు 'నాకు కాఫీ తాగాలనుంది' అంటారు. మనం 'ఎలాగూ మీకు కలుపుతున్నాగా, నేనూ ఓ గుక్క తాగుతా' అంటాం. పూజ అనో మందు అనో పిల్లలకోసం అనో ఒక సాకు తగిలించనిదే మన ఇష్టం గడప దాటదు. అమ్మమ్మల తరం సంగతి సరే, ఉద్యోగాలు చేసి సొంత సంపాదన వున్న మన తరం కూడా సాకు వెతుక్కోవడం మానలేదు. చాలాసార్లు అవతలివాళ్లు అడక్కముందే చెప్పేస్తాం.

ఇష్టానికి ఆడది ఎంత మూల్యం చెల్లించిందో ఈ మొక్కమీదే ఇటలీలో ఒక కథ వుంది. బొకాచియో తన డెకామెరాన్‌లో రాశాడు. తరవాత ఇంగ్లీషులో కీట్సు దాన్నే కావ్యం చేశాడు, మా బి.ఏ. రోజుల్లో ఆ పేరు విని మురిసిపోయేవాళ్లం. లిసబెట్టా అనే పిల్ల తన అన్నల దగ్గర పనిచేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. అన్నలు వాణ్ణి చంపి పాతేశారు. ఆ పిల్ల వాడి తల తెచ్చి కుండీలో దాచి, పైన రుద్రజడ నాటి కన్నీళ్లతో పెంచింది. చివరికి ఆ కుండీ కూడా లాక్కున్నారు, ఆమె ప్రాణం పోయింది. భయంకరమైన కథే, కాదనను. కాని నాకు ఎప్పుడూ గుర్తుండేది ఆ తల కాదు, కుండీ. అంత పెద్ద ఇంట్లో ఆమెది అని చెప్పుకోవడానికి వున్నది అదొక్కటే.

అదే ఇటలీలో జెనోవా అనే రేవుపట్నం వుంది. అక్కడ ఈ ఆకుతో పెస్తో అనే పదార్థం చేస్తారు. పేరు కొత్తగా వుంది గాని, విషయం వింటే మీకు నవ్వొస్తుంది. పాలరాతి రోలు, కర్ర రోకలి. అందులో వెల్లుల్లీ రాళ్లుప్పూ పైన్ గింజలూ వేసి దంచి, ఆకు వేసి నూరి, జున్నులాంటి ఛీజు కలిపి, ఆలివ్ నూనె పోస్తారు. పెస్తో అంటేనే 'దంచినది' అని అర్థం. మన రోటిపచ్చడి కాక మరేమిటి? 1863లో అచ్చయిన ఆ వూరి వంటల పుస్తకంలోనే ఇది వుంది. జెనోవా ప్రాంతపు రుద్రజడకి 2005లో యూరపు దేశాల కూటమి ప్రత్యేక గుర్తింపు కూడా ఇచ్చింది. దేవుడి పేరు చెప్పుకోలేదు, మందు పేరూ చెప్పుకోలేదు. వట్టి రుచీ వాసనల పేరుమీద ఒక ఆకు అంత గౌరవం సంపాదించుకుంది!

నేను కుండీ పెట్టింది అలాంటి పెద్ద ఆలోచనలతో ఏమీ కాదు. కిరాణా కొట్లో తెచ్చిన సబ్జా గింజలు చిటికెడు మట్టిమీద చల్లాను. పైన మట్టి పలచగా కప్పితే చాలు, లోతుగా పాతితే రావు. వారం పదిరోజుల్లో మొలకలొచ్చాయి. ఈ మొక్కకి కావలసింది ఎండ, రోజుకి ఆరుగంటలన్నా. నీళ్లు మట్టి పైపైన ఆరాక పొయ్యాలి, ఎప్పుడూ చిత్తడిగా వుంటే వేరు కుళ్లిపోతుంది. విదేశీ విత్తనం తెచ్చి వేస్తే ఆకు పెద్దగా, మెత్తగా వస్తుంది. మన సబ్జా మొక్క ఆకు చిన్నది, వాసన ఘాటు. నాకు మనదే ఇష్టం.

అసలు విశేషం దాన్ని కొయ్యడంలో వుంది. జానెడు ఎత్తు రాగానే కొసని, ఆకుజంటకి కాస్త పైన, తుంచెయ్యాలి. తుంచినచోట రెండు కొమ్మలు వస్తాయి. వాటినీ తుంచితే నాలుగవుతాయి. జాలిపడి వదిలేస్తే ఒక్క పుల్లలా పొడుగ్గా పెరిగి, కంకి వేసి, ఆకు చిన్నదై, కాండం కట్టెబారి వూరుకుంటుంది. తీసిన కొమ్మని గ్లాసు నీళ్లలో పెడితే పదిరోజుల్లో వేళ్లు వస్తాయి, పక్కింటావిడకి ఇవ్వచ్చు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, చలికి ఆకు నల్లబడిపోతుంది. కత్తితో తరిగినా అంచులు నల్లబడతాయి, చేత్తో తుంచుకోవడం మేలు. చారులోకైనా పప్పులోకైనా పొయ్యిమీంచి దింపాకే వెయ్యాలి. మరగనిస్తే వాసనంతా ఆవిరితో పోయి గడ్డిలా మిగులుతుంది. టొమాటోకీ దీనికీ ఏ జన్మ బంధమో గాని, అంత చక్కగా కుదురుతాయి. చింతపండు చారులో నాకంత నచ్చలేదు.

ఇంత ఇష్టంగా చెప్పుకుపోతుంటే, 'ఇష్టాలన్నీ తీర్చుకుంటూ కూచుంటే సంసారాలు నిలుస్తాయా?' అని మీలో కొందరు అనుకుంటూ వుంటారు. మా పెద్దత్తయ్య కూడా అదే అంది. "నాలిక చెప్పినట్టల్లా వింటే ఇంక మనిషికీ గొడ్డుకీ తేడా ఏవుందే?" అంది. నిగ్రహం గొప్పదే. కాశీకి వెళితే ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలి రమ్మనడంలో వున్నది అదే కదా. అయితే ఆ కాశీ సంగతి ఆవిడే చెప్పింది మాకోసారి, నవ్వుతూనే.

చాలా ఏళ్లకిందట ఆవిడా మామయ్యా కాశీ వెళ్లారు. గంగలో స్నానమయ్యాక పురోహితుడు 'మీకిష్టమైనది చెప్పండి' అన్నాడుట. మామయ్య వెంటనే వంకాయ అన్నారు. నిజంగా వంకాయంటే ఆయనకి ప్రాణం. ఈవిడ వంతు వచ్చింది. నోటికి ఏమీ రాలేదు. మామయ్యకి పులుసు చిక్కగా వుండాలని తెలుసు. పెద్దవాడికి పలచగా, రెండోవాడికి బెల్లం తగలకుండా, అత్తగారికి ఉప్పు తగ్గించి - అన్నీ తెలుసు. తనకేమిష్టమో మాత్రం మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఎంత ఆలోచించినా తట్టలేదు. వెనక జనం తొందరపెడుతున్నారు. "ఏదో ఒకటి చెప్పవే" అన్నారు మామయ్య. చివరికి సీతాఫలం అని చెప్పి బయటపడింది. "అదీ పెద్ద ఇష్టమేం కాదే, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిది కదాని" అంది.

అందరం నవ్వాం. తరవాత నాకు నవ్వు రాలేదు. మామయ్య కాశీలో వంకాయ వదిలారు, అది త్యాగం. ఈవిడ వదిలింది ఏమిటి? వదలడానికి చేతిలో ఏదో వుండాలి కదా ముందు. ఇష్టమంటూ ఒకటి ఎరిగి, చాలు అని పక్కన పెట్టిన మనిషికీ, అసలు ఆ లెక్కలోకే తనని తీసుకోకుండా ఎనభై ఏళ్లు గడిపేసిన మనిషికీ ఒకే పేరు పెట్టి, ఇద్దర్నీ నిగ్రహవంతులనడం నాకు సమ్మతం కాదు. రెండోదాన్ని మనం శతాబ్దాలుగా సుగుణమని మెచ్చుకుంటూ వచ్చాం. తులసమ్మకి దణ్ణం పెట్టినట్టే అమ్మకీ దణ్ణం పెట్టాం. ఏం తింటావమ్మా అని మాత్రం అడగలేదు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు తులసి కోయకూడదంటారు, గమనించారా? జీవితమంతా నీళ్లు పొయ్యచ్చు. దళం కొయ్యడానికి మొగవాళ్లు రావాలి!

రుద్రజడకి ఆ పట్టింపులేవీ లేవు. ఎవరైనా కొయ్యచ్చు, ఏ రోజైనా కొయ్యచ్చు. కోసినకొద్దీ పెరుగుతుంది. పైగా మా ఇంట్లో దాన్ని తినేది నేనొక్కదాన్నే. ఆయనకి ఆ వాసన పడదు. పిల్లలు పిజ్జామీద వుంటేనే తింటారు. అయినా నాలుగేళ్లుగా పెంచుతున్నాను. 'ఒంటికి మంచిదా?' అని వచ్చినవాళ్లంతా అడుగుతారు. మంచిదో కాదో నేను చూసుకోలేదు, నాకిష్టం అని చెబుతాను. మొదట్లో ఆ మాట అనడానికి కొంచెం సిగ్గేసేది. ఇప్పుడు అలవాటైంది.

పెద్దత్తయ్య వెళ్లేముందు రోజు దానితో పచ్చడి నూరాను. ఆవిడ వెల్లుల్లి తినదు కనుక అది మానేసి, వేయించిన వేరుశెనగ పప్పు, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి దంచి, ఆకు వేసి బండతో నాలుగు తిప్పులు తిప్పి, నిమ్మకాయ పిండాను. తినమని బలవంతం చెయ్యలేదు. నా కంచంలో వేసుకుని, గిన్నె బల్లమీద పెట్టి వూరుకున్నాను. ఆవిడ కాసేపు చూసింది. వేలితో ఇంత తీసి నాలిక మీద రాసుకుంది. వేడన్నంలో ఒక ముద్ద కలుపుకుంది, నూనె చుక్క వేసుకుని మరో ముద్ద. బావుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. గిన్నె మాత్రం తనవైపుకి కాస్త జరుపుకుంది. చెయ్యి కడుక్కుంటూ అడిగింది:

"దీన్ని ద్వాదశినాడు కొయ్యచ్చుటే?"