పక్కన నడిచే మనిషి

గుండెపోటు నుంచి తేరుకుని ఇంటికొచ్చిన మనిషికి ఒంట్లో బలం తిరిగొచ్చినంత త్వరగా నమ్మకం తిరిగి రాదు. స్టెంటు వేశారు, మందులు పడుతున్నాయి, డాక్టరు నడవమన్నారు. అయినా మేడమెట్ల దగ్గర కాలు ఆగిపోతుంది. ఇదివరకు పట్టించుకోని చిన్న దడ కూడా ఇప్పుడు హెచ్చరికలా తోస్తుంది.

ఈ భయానికి వైద్యం కూడా కొంత కారణం. ఒకప్పుడు గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ రోగులను కుర్చీలో కూర్చోబెట్టవచ్చని రాయడమే అప్పటికి సాహసం. గుండెనొప్పితో బాధపడే ఒకాయన రోజూ అరగంట కట్టెలు కోసి దాదాపు కోలుకున్నాడని లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ రాసిన మాట 1802లోనే అచ్చయింది. అయినా మంచమే మందన్న నమ్మకం అంతకాలం నిలిచింది.

నన్ను బాగా ఆలోచింపజేసింది 1985లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం. అది చేసినవారిలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా ఒకరు. గుండెపోటు వచ్చి మూడు వారాలైన మగవాళ్లను ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. కొందరి భార్యలు ఆ నడక చూడలేదు, కొందరు పక్కనుండి చూశారు. ఇంకొందరు చూడటమే కాక, భర్త ఎంత శ్రమతో నడిచాడో అంత శ్రమతోనే తామూ మూడు నిమిషాలు నడిచారు. భర్త గుండె ఎంత పనికి తట్టుకుంటుందని అడిగితే, తాము నడిచి చూసిన భార్యలకే గట్టి నమ్మకం కుదిరింది. కేవలం కళ్లతో చూసినవాళ్లకు కూడా సందేహం తీరలేదు.

మన ఇళ్లలోనూ ఇదే సందేహంతో "మీరు కూర్చోండి, నేను తెస్తా" అని చేతిలో సంచి లాక్కుంటారు. "నాన్నా, మెట్లెక్కకు" అని కొడుకు కేకేస్తాడు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటలు రోజూ వినీవినీ, తన గుండె ఇక పనికిరాదని ఆయన నిశ్చయించుకుంటాడు. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. గుండెజబ్బున్న అమ్మ వంటింట్లోకి వెళ్తే ఎవరూ ఆపరు. నడకకు వెళ్తానంటే మాత్రం ఎండా దుమ్మూ అందరికీ గుర్తొస్తాయి.

అలాగని హద్దు లేకుండా నడవమని కాదు, డాక్టరు చెప్పినంత దూరమే నడవాలి. వేగానికి నాడి లెక్క అన్నివేళలా నమ్మకమైంది కాదు. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి నాడి అంతగా పెరగదు. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయినట్టు, మాట తెగుతుంటే తగ్గించాలి. ఛాతీ బిగిసినా, కళ్లు తిరిగినా, చల్లని చెమట పట్టినా ఆగిపోవాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మాట తెగుతోందో లేదో తెలియాలంటే మాట్లాడటానికి పక్కన ఒకరుండాలి కదా.

అందుకే డిశ్చార్జి రోజున ఇచ్చే మందుల చీటీలో నడక కూడా రాయాలని, దాన్ని ఇద్దరికీ కలిపి రాయాలని నా కోరిక. మొదటి వారం వీధి చివరిదాకా వెళ్లొచ్చినా చాలు.