శాసనములో పంక్తిభేదము

ఒకే పంక్తిలో కూర్చున్నవారిలో ఒకరి విస్తరిలో నేయి వడ్డించి, ప్రక్కవారికి పలుచని మజ్జిగతో సరిపెట్టుటను పంక్తిభేదమని పెద్దలు గర్హించిరి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టకపోవుట ఒక దోషము. పెట్టుచు భేదము చూపుట మఱొక దోషము. రెండవది మొదటిదానికన్న తక్కువది కాదు. ఏలనన అది అన్నముతోపాటు అవమానమును గూడ వడ్డించును. భోజనపంక్తికి చెల్లిన ఈ న్యాయము శాసనమునకు చెల్లదా? గృహనిర్మాణ నియమములు ఒకరి గోడను పడగొట్టి, మఱొకరి మేడను చూడనట్లు నటించినచో, అట్టి నియమములు ఉండుట మేలా, లేకుండుట మేలా? హైదరాబాదు చెఱువుల చరిత్ర ఈ ప్రశ్నను సూటిగా అడుగుచున్నది.

హైదరాబాదు చెఱువుల నడుమ పెరిగిన నగరము. నగరము వెలయుటకు పూర్వమే, 1562లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలమున హుస్సేన్ సాగరము ఏర్పడెను. 1908 సెప్టెంబరులో మూసీ వఱద వేలమందిని పొట్టన పెట్టుకొనిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు వెలసెను. ఎగువ చెఱువు నిండి అలుగు పాఱగా ఆ నీరు కాలువ వెంట దిగువ చెఱువును చేరుట పూర్వుల ఏర్పాటు. వీనినే గొలుసుకట్టు చెఱువులందురు. గొలుసులో ఒక లంకె పూడినచో నీరు తన దారిని తానే వెదకికొనును; ఆ దారి ఎవరి యింటి నడుమనుండియైనను పోవచ్చును.

ఈ సంగతి ఎఱిగియే నియమములు వ్రాయబడినవి. 2012 ఏప్రిల్‌లో వెలువడిన 168వ ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారము, పది హెక్టార్లు, అంతకు మించిన చెఱువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్ల మేరను, అంతకన్న చిన్నదానికి 9 మీటర్ల మేరను కట్టడము లేకుండ విడువవలెను. ఈ కొలతలో ధనికునకు ఒక గజము, పేదకు ఒక గజము లేదు. పంక్తిభేదము వ్రాతలో పుట్టలేదు, వడ్డనలో పుట్టినది.

2007లో ఒకసారి, 2015లో మఱొకసారి భవనముల క్రమబద్ధీకరణ పథకములు ప్రకటింపబడెను. అపరాధ రుసుము చెల్లించినవాని అక్రమ కట్టడము సక్రమమగుట వీని సారము. చెఱువు భూములకు వీనిలో తావు లేకున్నను, జనులు గ్రహించిన పాఠము వేఱు: ముందు కట్టుము, పిదప చెల్లించుము. నియమమును పాటించి నాలుగు ప్రక్కల స్థలము విడిచిన గృహస్థు నష్టపోయెను. మీఱినవాడు రెండు గదులు అదనముగా అద్దెకిచ్చుకొనెను. నిజాయితీపరుని వెఱ్ఱివానిగా నిలబెట్టు శాసనము దోషిని విడుచుటతో ఆగదు, సజ్జనుని సైతము చెఱచును. 2020 అక్టోబరు వానలకు నగరపు దక్షిణభాగమున పల్లె చెఱువు, గుఱ్ఱం చెఱువుల కట్టలు తెగి దిగువ బస్తీలు మునిగినప్పుడు, ఆ నీరు సక్రమ గృహము, అక్రమ గృహము అని విచారింపలేదు. ఒకరి అతిక్రమణకు వేఱొకరు దండన ననుభవించిరి.

2024 జులైలో చెఱువుల రక్షణకై హైడ్రా అను సంస్థ ఏర్పడెను. ఆగస్టులో మాదాపురమందలి తమ్మిడికుంట కడ ఒక పెద్ద వేడుకల మందిరము కూల్చబడగా, శాసనము పెద్దవారి గడపను గూడ త్రొక్కినదని పలువురు సంతసించిరి. సెప్టెంబరులో అమీన్‌పురమున ఆదివారము నాడు జరిపిన కూల్చివేతపై తెలంగాణ హైకోర్టు అధికారులను నిలదీసెను. ఇచ్చట ధర్మసంకటము బయలుపడినది. ఏండ్ల తరబడి ఊరకున్న ప్రభుత్వము ఒక ఉదయమున యంత్రముతో వచ్చుట సమదృష్టి యగునా? ఆ యింటికి రిజిస్ట్రేషను శాఖ రుసుము గైకొన్నది. పురపాలకులు పన్ను వసూలు చేసిరి. విద్యుత్తు శాఖ మీటరు బిగించినది. మూడు చేతులతో అంగీకరించిన తప్పునకు కొనుగోలుదారు ఒక్కడే దోషి యగుట ఎట్లు?

అట్లని హద్దును జరుపుట దయ కాదు. ఒక కుటుంబముపై దయతో కాలువను పూడ్పనిచ్చినచో, దిగువనున్న నూఱు కుటుంబములయెడ నిర్దయ చూపినట్లగును. దయకు తావు కొలతలో కాదు, గడువులో కలదు. ప్రత్యామ్నాయ గృహములో కలదు. అమ్మినవానినుండి, అనుమతించిన అధికారినుండి నష్టమును రాబట్టుటలో కలదు. నోటీసు ఇచ్చి కనీసము 15 దినముల గడువీయక కూల్చరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రహదారులు, నదులు, జలాశయములు వంటి చోట్ల అక్రమ కట్టడములకు ఆ నియమము వర్తింపదని గూడ చెప్పెను. అయినను చట్టము బలవంతపెట్టని చోట గడువిచ్చుట పాలకుల ధర్మమునకు లోపము కాదు. అన్నిటికన్న మిన్న యైనది పునాదిరాయి నాడే ఆపుట. ఆ నాడు ఒక మాటతో పోవునది పదియేండ్లకు ఒక సంసారమును వీథిపాలు చేయును.

రేవుల విషయమును ఇట్టిదే. 2017 నవంబరులో కృష్ణానదిపై పవిత్రసంగమము కడ అనుమతి లేని పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. ప్రతిదినము రేవులో నిలిచి అనుమతిని, ఎక్కువారి లెక్కను చూడవలసిన కన్ను మూతపడినచో, ఎన్ని నియమములున్నను అవి నీటిమూటలే.

దేవుని పేరును ఈ పంక్తికి వెలుపల కూర్చుండరాదు. ప్రజాస్థలములలో గుడి, మసీదు, చర్చి, గురుద్వారాల పేరిట క్రొత్తగా అక్రమ కట్టడములను అనుమతింపరాదని 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించెను. శివయోగి సిద్ధరామేశ్వరుడు సొన్నలిగెలో చెఱువు త్రవ్వించిన మహనీయుడు. ఆయనను స్మరించువారు చెఱువు పూడ్చిన నేలపై మఠము గాని, కల్యాణమండపము గాని కట్టుట ఆయన కాయకమును పూడ్చుటయే యగును. భక్తుడు స్థలము దానమిచ్చునపుడు, అది చెఱువు శిఖము కాదని విచారించి గైకొనుట మఠాధిపతులకు విధి.

మొదటి ప్రశ్నకు సమాధానము ఇది. పక్షపాతముతో నడచు నియమము లేని నియమముకన్న హీనము. ఏలనన లేని నియమము ఎవరిని మోసగింపదు. అయినను దానిని త్రోసివేయుట మార్గము కాదు. వడ్డన చెడినచో పంక్తిని లేపివేయరు, గరిటె పట్టిన చేతిని సరిదిద్దుదురు. ఆ చేయి ప్రభుత్వముది మాత్రమే కాదు. ఇంటిపటము మంజూరునకై సిఫారసును వెదకు ప్రతి గృహస్థుడును ఆ గరిటెను తన విస్తరివైపు లాగుచున్నవాడే.