తీగ తెగితే పక్కన ఎవరుంటారు?

2001 సెప్టెంబర్ 7న డాక్టర్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చొని, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న 68 ఏళ్ల మహిళకు పిత్తాశయం తీసే ఆపరేషన్ చేశారు. ఆయన చేతి కదలికలు సముద్రం అడుగు కేబుల్ గుండా వెళ్లి అక్కడి రోబోను నడిపించాయి. 2025 జనవరిలో మన దేశంలోనే గురుగ్రామ్ నుంచి 286 కిలోమీటర్ల దూరంలోని జైపూర్‌కు ఇలాగే గుండె ఆపరేషన్ జరిగింది.

ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి సుమారు 100 కిలోమీటర్లే. మరి సుగ్గికి గుంటూరు వైపు పోయి, కడుపునొప్పితో తండాకు తిరిగొచ్చిన మనిషికి ఈ యంత్రం చాలునా?

యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. డాక్టరు చేయి కదిపాక, ఆ ఫలితం ఆయన తెరమీద కనబడడానికి కొంత సమయం పడుతుంది. స్ట్రాస్‌బర్గ్ ఆపరేషన్‌లో అది సగటున 155 మిల్లీసెకన్లు, అంటే సెకనులో దాదాపు ఆరో వంతు. ఈ ఆలస్యం పెరిగితే, కత్తి ఇంకా కదలలేదనుకొని డాక్టరు మరింత లోతుగా కోసే ప్రమాదం ఉంది. సంబంధం పూర్తిగా తెగితే రోబో చేతులు ఉన్నచోటే ఆగిపోవాలి. కానీ యంత్రం ఆగితే రక్తం ఆగదు. అందుకే స్ట్రాస్‌బర్గ్‌లో రోగి పక్కనే వేరే సర్జన్లు సిద్ధంగా నిలబడ్డారు.

ఏమీ లేనిచోట దూరపు చేయైనా మేలే కదా అని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. ప్రాణం పోతున్నప్పుడు వచ్చే సాయాన్ని మనం కాదనం. అయితే ఆ యంత్రాన్ని చూపించి ఆదోనికి, ఎమ్మిగనూరుకు సర్జన్లు అక్కరలేదంటే ఒప్పుకోకూడదు. ఫ్రాన్సు రోగికి అవసరమైన దగ్గరి మనిషి సుగాలి తల్లికి ఎందుకు అక్కరలేదు?

ఇంకో ప్రశ్న బాధ్యతది. పొరపాటు జరిగితే డాక్టరు తీగను, తీగవాళ్లు యంత్రాన్ని, యంత్రం చేసినవాళ్లు ఆసుపత్రిని చూపిస్తే రోగి ఎవరి గడప తొక్కాలి? ఎవరు జవాబుదారో ముందే చెప్పాలి. కోసేది ఎవరు, ఎక్కడినుంచి, సంబంధం తెగితే పక్కన ఎవరుంటారు అన్నది ఆమెకు గోర్‌బోలిలో తెలియాలి. అర్థంకాని కాగితంమీద వేలిముద్ర ఒప్పుదల కాదు.

మన పిల్లలు రోబోలను నడపడం నేర్చుకోవాలి. రోగి పక్కన నిలబడే నర్సులు, మత్తు డాక్టర్లు, సర్జన్లు కూడా కావాలి. ఉపాధ్యాయులు తరగతిలో ఈ రెండు పనుల గురించీ చెప్పాలని మేం కోరుతున్నాం.