వంత పాడటం తప్పా?

"ఆమె ఏమంటే దానికి వంత పాడుడే తప్ప నీకంటూ ఒక మాట లేదా?"

ఈ దెప్పు వినని ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో అరుదు. తోడికోడలు అన్నదానికి ఔనంటే వంత పాడినట్టు. ఆడబిడ్డ మాటకి తల ఊపితే వంత పాడినట్టు. మొగుడి మాటకి మాత్రం ఎంత వంత పాడినా దాన్ని వంత అనరు, అణకువ అంటారు!

తిట్టుగా మారిపోయిన ఈ మాట నిజానికి పాటలోంచి వచ్చింది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతా అందరూ చప్పట్లు కొడుతూ అందుకుంటారు. నాట్లేసే మడిలోనూ అంతే. ఎత్తుకునే గొంతు ఒకటే, పాట నిలబడేది మాత్రం అందుకునే గొంతుల మీద. వాళ్ళు అందుకోకపోతే ఎత్తుకున్న మనిషి నలుగురి మధ్యా పిచ్చిదానిలా నిలబడిపోతుంది.

పాట లోకాన్ని మారుస్తుందంటారు పెద్దలు. మార్చే మాట నిజమైతే, ఆ శక్తి ఎత్తుకున్న వాళ్ళదా, అందుకున్న వాళ్ళదా? నాకు చాలాకాలంగా ఉన్న సందేహం ఇది.

బోధన్ చుట్టుపక్కల వాళ్ళకి చెరుకు సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఏడు సముద్రాల అవతల, జమైకా అనే చిన్న దీవి చరిత్రంతా కూడా చెరుకే. ఆ తోటల్లో చాకిరీకి తెల్లదొరలు ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకొచ్చి బానిసల్ని చేశారు. 1838 నాటికి బానిసత్వం పోయింది. చెరుకు కొట్టే చేతులు కావాలిగా! 1845 నుంచి మన దేశపు కూలీలని ఓడలెక్కించారు. ఆ బానిసల మునిమనవలు బతికే పేదపేటల్లో 1960లలో పుట్టిన పాట రెగే. దాన్ని ప్రపంచమంతా తిప్పినవాడు బాబ్ మార్లీ.

1976 డిసెంబరు 3న, కచేరీకి రెండు రోజుల ముందు, ఆయన ఇంట్లోకి దుండగులు చొరబడి కాల్పులు జరిపారు. మార్లీకి ఛాతీ దగ్గర, చేతికి గాయాలయ్యాయి. అయినా 5వ తేదీన వేదికెక్కి పాడాడు. లోకం ఇంతవరకూ గొప్పగా చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఆ పక్కన నిలబడ్డ మనిషి మీదే చూపు పోతుంది. ఆయన భార్య రీటా. ఆమె కూడా గాయనే, మరో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి మార్లీకి వంత పాడేది. ఆ రోజు ఆమె తలకి కూడా తూటా తగిలింది. తలకి కట్టుతోనే వచ్చి వేదిక మీద నిలబడింది. దీన్నేమంటారు? వంత పాడటమే కదా! దానికెంత గుండె కావాలి?

మన దగ్గర గద్దర్. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు. బ్యాంకు ఉద్యోగం వదిలి, గొంగడి భుజాన వేసుకుని, కాలికి గజ్జె కట్టి జననాట్యమండలితో ఊరూరా తిరిగారు. ఆయన బాణీలు చాలావరకు కూలి తల్లుల నోట అప్పటికే ఉన్నవి. అందుకే విన్నవాళ్ళు వెంటనే అందుకోగలిగారు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. దానితోనే 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా పాడారు.

భువనగిరి బెల్లి లలితకి ఆ అదృష్టం కూడా దక్కలేదు. మిల్లులో పనిచేసిన ఆడపిల్ల. తెలంగాణ గురించి పాడింది. 1999 మే నెలలో అతి కిరాతకంగా చంపేశారు. పాట వట్టి కాలక్షేపమే అయితే పాడేవాళ్ళ మీదికి తుపాకులూ కత్తులూ ఎందుకొస్తాయి? భయపడేది గాయకుడి గొంతుకి కాదు. అందుకోబోయే వేల గొంతులకి.

అలాగని వంత పాడిన ప్రతిసారీ మంచే జరుగుతుందన్న పూచీ లేదు. గుంపులో గొంతు కలిపి లోకంలో ఎంతమంది ఎన్ని దుర్మార్గాలు చేయలేదు! అంతదాకా ఎందుకు, "అత్త ఏమన్నా ఎదురాడకు, మామ ఏమన్నా మారాడకు" అన్న అర్థం వచ్చే అప్పగింతల పాటలకి తరతరాలుగా వంత పాడింది మనం కాదూ? పిల్ల ఏడుస్తూనే ఉంది, మనం పాడుతూనే ఉన్నాం.

ఇంకో చిక్కు ఉంది. పాట అయిపోయాక ఏమిటి?

1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్‌లో శాంతి కచేరీ జరిగింది. బద్ధశత్రువులైన ఇద్దరు నాయకులు, మైఖేల్ మ్యాన్లీని, ఎడ్వర్డ్ సియాగాని, మార్లీ వేదిక మీదికి పిలిచి చేతులు కలిపించాడు. జనం ఊగిపోయారు. రెండేళ్ళకే, 1980 ఎన్నికల ఏడాదిలో, ఆ దేశంలో వందల మంది హత్యకు గురయ్యారు. కచేరీలో కలిసిన గొంతులు వీధిలో కలవలేదు.

మన సంగతీ చూద్దాం. 2002లో కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగింది. ఆ తర్వాత పాట లేని సభ లేదు, బతుకమ్మ ఆడని నిరసన లేదు. గడప దాటని ఆడవాళ్ళు రోడ్ల మీద బతుకమ్మలు పెట్టి ఆడారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మరుసటేడే, 2015 డిసెంబరులో, బోధన్‌లో 1937 నుంచి ఉన్న నిజాం చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ! శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఎన్ని పొయ్యిలు చల్లబడ్డాయో ఆ ఇల్లాళ్ళనే అడగాలి. వాళ్ళు ఎత్తుకున్న ఏడుపుని రాష్ట్రం కోసం కలిసినన్ని గొంతులు అందుకున్నాయా?

పాట మోసం చేసిందని నేననను. పాట చేయగలిగింది పాట చేసింది. ఒంటరివి కావని చెప్పింది, సిగ్గు పోగొట్టింది, భయం తగ్గించింది. ఆ తర్వాతి పని మనది.

కానీ మనకి ఇంకో సులువైన దారి తెలుసు, పటం కట్టడం. 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్న చెల్లెలికి పాడే గద్దర్ పాటకి కళ్ళు చెమర్చని ఆడపిల్ల ఉంటుందా? దానికి నంది అవార్డు ఇస్తే ఆయన తీసుకోలేదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరు మీదే సినిమా అవార్డులు పంచింది. రెగేని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. అయితే పటానికి దండ వేస్తాం, దండం పెడతాం, అందుకోవడం మాత్రం మానేస్తాం. కూలి తల్లి కష్టం మీద పాట వింటూ కంట తడిపెట్టుకుని, అదే పూట పనిమనిషి ఒక్క రోజు సెలవడిగితే మొహం మాడ్చుకునే ఇళ్ళు మనకి తెలియనివా?

మరి ఎలాంటి వంత మంచిది? దీనికి జవాబు మన బుర్రకథలోనే ఉందనిపిస్తుంది. నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. వాళ్ళు ఊరికే తందానా అని ఊరుకోరు. కథకుణ్ణి ఆపి "అదేమిటి?" అని అడుగుతారు. ఎక్కడో రాజుగారి కథ నడుస్తుంటే మన ఊరి దొరని గుర్తు చేస్తారు. ఔననవలసిన చోట ఔనంటారు, నిలదీయవలసిన చోట నిలదీస్తారు. కథ మోసుకుపోయేది వాళ్ళే. దొరలకి, సర్కార్లకి బుర్రకథంటే కంటగింపు అయిందంటే కాదూ మరి!

అలాంటి వంతలు మన ఇళ్ళకి కావాలి. వేదికలు, మైకులు అక్కర్లేదు. బీడీలు చుట్టే చోట ఒకామె "కట్టకి ఆకులు తక్కువిచ్చిన్రు" అన్నప్పుడు పక్కనామె తల వంచుకోకుండా "నాకూ తక్కువే వచ్చినయ్" అంటే చాలు. పెళ్ళి మాటల్లో ఒక పిల్ల ధైర్యం చేసి "కట్నం అడిగే ఇంటికి నేను పోను" అందనుకోండి. ఇంటిల్లిపాదీ గుడ్లురుముతుంటే, మూల కూర్చున్న మేనత్త "పిల్ల చెప్పింది నిజమే గదా" అంటే చాలు. ఆ రెండో గొంతు లేకపోతే మొదటిది పొగరుబోతుతనం కిందే లెక్క. రెండోది కలిస్తే అది మాట అవుతుంది.

"ఏమమ్మా, కోడలిపిల్లకి వంత పాడుతున్నావా?" అని ఆ మేనత్తని ఎవరైనా దెప్పితే, నొచ్చుకోనక్కర్లేదు. "అవును, పాడుతున్న" అని చెప్పొచ్చు.